రూపాయి పడితే దుబాయ్ ఇంట్లో పండగేనా?

2025 డిసెంబర్‌లో డాలరు 90 రూపాయలు దాటిన వారంలోనే మెట్‌పల్లిలో మా అత్తగారి వైపు వాళ్లింట్లో తొట్టెల ఫంక్షన్‌కు పోయాం. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కొడుకు షార్జాలో ఏసీలు బిగిస్తాడు. ఆయన ఎడమ చేత్తో ఫోన్ తీసి మరీ అక్కడి డబ్బు దిర్హామ్ రేటు చూపించాడు. "దిర్హామ్ ఇరవై నాలుగున్నర నడుస్తుంది సారూ. రూపాయి పడ్డది, మావోనికి మంచిగైంది." చుట్టుపక్కల వాళ్లు అవునన్నట్టు తలలూపారు. ఎదురు వరసలో ఉన్నాయన బిడ్డ డల్లాస్‌లో ఎంఎస్ చదువుతుంది. ఆయన ఏమీ అనలేదు, పెరుగన్నం సగంలో వదిలేసి చేయి కడుక్కోవడానికి లేచాడు.

ఆయన లేవడం నాకు అర్థమైంది. ఏడాది ఫీజు, ఖర్చులు కలిపి 40 వేల డాలర్లు అనుకుంటే, డాలరు 83 ఉన్నప్పుడు 33 లక్షల చిల్లర, 90 అయితే 36 లక్షలు. బ్యాంకు లోను శాంక్షన్ అయింది పాత రేటు మీద. మిగిలింది ఎక్కడి నుంచి తేవాలో ఆయనే చూసుకోవాలి. అందులో వాదించడానికి ఏమీ లేదు, నష్టం నష్టమే.

నాకు అర్థం కానిది ఇటువైపు సంబరం. రూపాయి పడ్డ ప్రతిసారీ కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్, జగిత్యాల వైపు ఇళ్లలో ఇదే మాట వింటాను. 2013లో డాలరు 68 దాటినప్పుడు విన్నాను, 2022లో 83కు పోయినప్పుడూ విన్నాను. పేపర్లు కూడా "గల్ఫ్ కుటుంబాలకు ఊరట" అని ఒక బాక్సు కడతాయి. నేను చాలా రోజులుగా అనుకుంటున్నది ఇవాళ రాస్తున్నాను: గల్ఫ్‌లో మనవాళ్లకు ఇన్నేళ్లుగా వచ్చిన అసలైన ఇంక్రిమెంట్ రూపాయి పడిపోవడమే. జీతం పెంచాల్సినవాడు పెంచకుండా తప్పించుకున్నాడు, ఆ పని మన రూపాయి చేసిపెట్టింది. దాన్ని మనం లాభం అని లెక్క రాసుకుంటున్నాం.

ఈ మాట మొన్న ఫంక్షన్‌లో అంటే "సార్ కాలేజీల కామర్స్ చెప్తడు గదా, అట్లనే మాట్లాడుతడు" అన్నారు. సరే, కామర్సే అనుకోండి.

ఒకప్పుడు అక్కడ నడిచింది మన నోటే

దిర్హామ్ ఏదో తరతరాల నుంచి ఉన్న డబ్బు అన్నట్టు మాట్లాడతాం గానీ, అది పుట్టింది 1973 మే 19న. మా పెద్ద బావ కంటే చిన్నది. 1950లలో దుబాయ్, అబుదాబి, ఖతర్, బహ్రెయిన్, కువైట్, మస్కట్ బజార్లలో నడిచింది రూపాయి. అక్కడి ముత్యాలు బొంబాయికి వచ్చేవి, ఇక్కడి బియ్యం, బట్ట అక్కడికి పోయేవి, బ్రిటిష్ వాళ్లు ఆ ప్రాంతాన్ని చాలాకాలం ఇండియా నుంచే చూసుకున్నారు. అందుకని మన రిజర్వ్ బ్యాంకు నోటే అక్కడా నోటు.

దాన్ని చెడగొట్టింది బంగారం. మన దగ్గర బంగారం దిగుమతికి ఆంక్షలు, దుబాయ్‌లో అవేమీ లేవు. పడవల్లో బంగారం ఇటు వచ్చేది, రూపాయల కట్టలు అటు పోయేవి. పోయిన కట్టలు అక్కడి బ్యాంకుల చేతుల మీదుగా మళ్లీ మన రిజర్వ్ బ్యాంకు గుమ్మానికే వచ్చేవి, వాటికి బదులు పౌండ్లు ఇవ్వాలి. అంటే దొంగ బంగారానికి బిల్లు మన ఖజానా కట్టినట్టు. 1959లో చట్టం సవరించి గల్ఫ్ కోసం వేరే నోట్లు వేశారు. అచ్చు మన నోటే, రంగు మార్చి, నంబరు ముందు జెడ్ అక్షరం పెట్టారు. ఆ నోటు బొంబాయి బజార్లో చెల్లదు. హజ్‌కు పోయేవాళ్లకు కూడా విడిగా నోట్లుండేవి.

ఆ తర్వాత 1966 జూన్ 6. రెండు యుద్ధాలు, 1965 కరువు, అమెరికా సాయం ఆగిపోవడం, ప్రపంచ బ్యాంకు ఒత్తిడి, అన్నీ కలిసి ప్రధాని పదవికి వచ్చి ఆర్నెల్లు కూడా కాని ఇందిరాగాంధీ మెడకు చుట్టుకున్నాయి. రాత్రికి రాత్రి డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలైంది. ఇక్కడ మనం ఎన్ని తిట్లు తిట్టుకున్నామో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. గల్ఫ్‌లో ఆ రూపాయలు పెట్టెల్లో దాచుకున్నవాళ్ల సంగతి ఆలోచించండి. వాళ్లకు ఓటు లేదు, వాళ్లను అడిగిందీ లేదు, సొమ్ములో మూడోవంతుకు పైగా పోయింది. కువైట్ 1961లోనే దినార్ తెచ్చుకుని బయటపడింది. బహ్రెయిన్ 1965లో బయటపడింది, ఏడాది తేడాతో తప్పించుకుంది. దుబాయ్, ఖతర్ కలిసి 1966లోనే ఒక రియాల్ పెట్టుకున్నాయి. అబుదాబి బహ్రెయిన్ దినార్ వాడుకుంది. ఒమన్ మాత్రం 1970 దాకా గల్ఫ్ రూపాయినే నడిపింది, అది కూడా పాత విలువకు తన హామీ పెట్టి.

నాకు ఈ కథలో అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది ఒకటుంది. దుబాయ్, ఖతర్ తెచ్చుకున్న ఆ కొత్త రియాల్‌కు కట్టిన విలువ జూన్ 6కు ముందు మన రూపాయికి ఉన్న విలువే, 0.186621 గ్రాముల బంగారం. 1973లో దిర్హామ్ వచ్చినప్పుడు దాని విలువా అదే. అంటే ఇవాళ మన పిల్లలు దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉండి సంపాదిస్తున్న దిర్హామ్, లెక్క ప్రకారం, 1966 జూన్ 5 నాటి మన రూపాయే. ఒకటికి ఒకటి. 2025 డిసెంబర్ నాటికి ఒకటికి ఇరవై నాలుగున్నర.

పడకపోతే గొప్పా?

ఇది చదివి కొందరికి రోషం వస్తుందని తెలుసు. "1947లో ఒక రూపాయి ఒక డాలరుకు సమానం" అనే వాట్సాప్ మెసేజ్ ఈ నెలలో కూడా మా కాలనీ గ్రూపులో వచ్చింది. అది శుద్ధ అబద్ధం. అప్పుడు రూపాయి పౌండుకు కట్టి ఉండేది, పౌండుకు పదమూడు రూపాయల చిల్లర, డాలరుకు 3 రూపాయల 30 పైసల చుట్టుపక్కల. 1949లో పౌండు విలువ తగ్గిస్తే దాంతో పాటు మనదీ 4.76కు దిగింది. గ్రూపులో ఇదంతా రాస్తే ఒకాయన దండం బొమ్మ పెట్టాడు, ఇంకొకాయన గుడ్ మార్నింగ్ పూలు పెట్టాడు.

రేటును పరువు కింద చూడటం నాకు నచ్చదు. జపాన్ యెన్ మన రూపాయి కంటే తక్కువ, 2025 ఆఖరులో ఒక్కో యెన్‌కు అరవై పైసలు కూడా రాలేదు, అంతమాత్రాన జపాన్ మనకంటే బీద దేశం కాదు. కువైట్ దినార్ ప్రపంచంలోనే ఖరీదైన నోటు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగగానే ఆ ఖరీదైన నోటు ఎవరినీ కాపాడలేదు, లక్షన్నర మందికి పైగా మనవాళ్లను విమానాల్లో వెనక్కి తెచ్చుకున్నాం. మా వైపు అప్పుడు తిరిగొచ్చినవాళ్లలో దినార్లు తెచ్చుకుని కూడా మార్చుకోలేక తిరిగినవాళ్లు ఉన్నారు.

దిర్హామ్ పడకపోవడానికీ లెక్క ఉంది. 1997 నుంచి దాన్ని డాలరుకు 3.6725 దగ్గర కట్టేశారు. కాబట్టి దిర్హామ్ రేటు అని మనం చూసేది డాలరు రేటే, పేరు మారింది అంతే. చమురు అమ్మేది డాలర్లలో, జనం తక్కువ, కాబట్టి వాళ్లకు అది కుదిరింది. అలా కట్టేసుకున్నందుకు కూడా మూల్యం ఉంది. 2007, 2008లో అక్కడ ధరలు ఏడాదికి పది శాతం మించి పెరిగాయి, వడ్డీ రేట్లు పెంచి ఆపుదామంటే అమెరికా అప్పుడు తగ్గిస్తోంది, వీళ్లూ దాని వెనకే నడవాలి. ఆ రెండేళ్లలో బెడ్ స్పేస్ అద్దె ఎంత పెరిగిందో, ఒక గదిలో ఎంతమంది పడుకున్నారో మా బావమరిదిని అడిగితే చెప్తాడు. నోటు గట్టిగానే ఉంది, పడుకునే మంచం ఇరుకైంది.

మన వైపు చూస్తే 1991 ఉంది. మా వరంగల్ జిల్లాలో పుట్టిన పీవీ ప్రధాని అయిన పదిరోజులకే, జులై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి తగ్గించారు. డాలరు 21 నుంచి 26 దాకా పోయింది. రెండో విడత ఆపమని ఆయన అన్నారని, మన్మోహన్ సింగ్ రిజర్వ్ బ్యాంకులో రంగరాజన్‌కు ఫోన్ చేసేసరికే అయిపోయిందని చెప్తారు. అప్పుడు ఖజానాలో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే ఉన్నాయి, బంగారం ఓడల్లో కాదు, విమానాల్లో లండన్‌కు పంపి కుదువ పెట్టారు. అలాంటి స్థితిలో రూపాయి పడకుండా పట్టుకోవడమే తప్పయ్యేది. పీవీ ఊళ్లయిన వంగర, లక్నేపల్లి వైపు వాళ్లు ఇది గర్వంగానే చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటాను. రూపాయి పడటం పాపం అని కాదు నా వాదన. పడితే ఎవరి జేబులోకి పోతుంది అన్నదే.

ఏడుకు ఆరు

ఒక పక్కదారి. రెండు రకాల రూపాయల మధ్య బతకడం మన తెలంగాణ వాళ్లకు కొత్త కాదు. మా తాత వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసేవాడు, జీతం హాలీ సిక్కాలో. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి. కాజీపేటలో రైలెక్కి బెజవాడ దిగితే అది చెల్లదు, కల్దారు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి కావాలి. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ, నోటి లెక్కకు ఏడు హాలీకి ఆరు కల్దార్లు. మార్చే సావుకారి మధ్యలో తన కమీషన్ తీసుకునేవాడు. 1950 నుంచి ఇండియా రూపాయి పక్కన పక్కనే నడిచి, 1951లో హాలీ నోట్లు వేయడం ఆపేసి, 1959లో పూర్తిగా రద్దు చేశారు. అదే 1959లో గల్ఫ్ కోసం జెడ్ నోటు పుట్టింది. ఒక పక్క హైదరాబాద్ రూపాయిని కలుపుకుంటూ ఇంకో పక్క గల్ఫ్ రూపాయిని విడదీశారు.

మా నాయనమ్మ చచ్చేదాకా ఒక మాట అనేది, "కాంగ్రెసోల్లు రాంగనే మీ తాత జీతం కోసిండ్రు" అని. ఎవరూ కోయలేదు. డెబ్భై హాలీ రూపాయలు అరవై కల్దార్లయ్యాయి, కొనేది అంతే కొన్నాయి. కానీ చేతిలో పడే అంకె తగ్గింది, ఆమెకు అది కోతే. నవ్వకండి. ఇప్పుడు మనం చేస్తున్నది అదే తిరగేసి. అంకె పెరిగింది కాబట్టి జీతం పెరిగిందంటున్నాం.

బావమరిది లెక్క

మా బావమరిది 2008 మొదట్లో దుబాయ్ పోయాడు. హెల్పర్‌గా వెయ్యి దిర్హాములు. అప్పుడు దిర్హామ్‌కు పదకొండు రూపాయల లోపే, కాబట్టి పదిన్నర వేల పైన. ఇప్పుడు అదే లైన్లో, పని నేర్చుకుని టెక్నీషియన్ అయి, 1,300 దిర్హాములు. డిసెంబర్ రేటులో దాదాపు 32 వేల రూపాయలు. ఇంట్లో చెప్పుకునేటప్పుడు పదకొండు వేలు ముప్పై రెండు వేలైంది, మూడింతలైంది అంటారు.

మూడింతల్లో కంపెనీ ఇచ్చింది 300 దిర్హాములు. అంటే ముప్పై శాతం, పదిహేడేళ్లకు, అది కూడా పని మారినందుకు. మిగతాదంతా రూపాయి పడినందుకు.

ఇక ఆ 32 వేలు ఇక్కడ ఏం చేస్తాయో చూద్దాం. వాడు పోయినప్పుడు తులం బంగారం పన్నెండు, పదమూడు వేల మధ్య ఉండేది. నెల జీతం మొత్తం పెడితే ముప్పావు తులం కంటే ఎక్కువే. 2025 డిసెంబర్‌లో తులం లక్షా ముప్పై వేల దగ్గర, నెల జీతం పావు తులం. బంగారం లెక్క అన్యాయం, ప్రపంచమంతా పెరిగింది అంటారా, సరే. ఇల్లు కట్టే లెక్క తీసుకుందాం, దుబాయ్ పోయేదే ఇల్లు కట్టడానికి కాబట్టి. అప్పుడు మా వైపు మేస్త్రీ కూలి రెండు వందల పైచిలుకు. ఇప్పుడు తొమ్మిది వందలకు తక్కువ ఎవరూ రారు, పండగలప్పుడు వెయ్యి. పదకొండు వేలతో మేస్త్రీకి యాభై రోజుల దాకా కూలి ఇవ్వగలిగేవాడు. 32 వేలతో ముప్పై అయిదు రోజులు. అంకె మూడింతలైంది, గోడ మాత్రం తక్కువ లేస్తుంది.

ఇంకా మెస్ ఖర్చు, ఫోన్ ఖర్చు దిర్హాముల్లోనే పెరిగాయి, అవి తీసేశాకే పంపేది. నేను వాడిని ఒకసారి ఫోన్‌లో అడిగాను, జీతం పెంచమని అడగలేదారా అని. "అడిగినం బావా. క్యాంప్ బాస్ ఏమన్నడో తెల్సా, మీ ఇండియాల మీకు రేటు పెరిగింది గదా, ఇంకేం కావాలె అన్నడు." ఆ మాట నా చెవిలో అట్లనే ఉంది. మన రూపాయి పడిపోవడం వాళ్ల జీతాల రిజిస్టర్‌లోకి ఎక్కిందన్నమాట. మనం పండగ అనుకుంటున్నది వాళ్లకు మిగులు.

ఎదుటివాళ్ల మాటలు

ఇది రాసేముందు ఇద్దరు ముగ్గురితో వాదించాను, వాళ్లన్నవి కొట్టిపారేసేవి కావు.

మొదటిది అప్పు. "సారూ, ఆడు పోయేటప్పుడు వీసాకు చేసిన అప్పు రూపాయల్లనే గదా? రూపాయి పడితే తొందరగ తీరుతది గదా?" నిజమే, అప్పు రూపాయల్లో, సంపాదన దిర్హాముల్లో అయితే రూపాయి పడటం కలిసొచ్చేదే. కానీ ఎంత? 1991 నుంచి ఇప్పటిదాకా రూపాయి సగటున ఏడాదికి నాలుగు శాతం చిల్లర పడింది. ఊళ్లో మిత్తి, అంటే వడ్డీ, నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు, నెలకు. ఏడాదికి 24 శాతం, 36 శాతం. లక్ష అప్పు చేసి పోయినవాడికి రేటు తెచ్చే లాభం ఏడాదికి నాలుగు వేలు, మిత్తి తినేది ముప్పై ఆరు వేలు. మనం రోజూ ఫోన్‌లో చూడాల్సిన రేటు ఏదో దీన్నిబట్టే తెలుస్తుంది. అయినా "రేటు ఇంకా పెరుగుతది, ఆగుదాం" అని రెండు నెలల జీతం అక్కడే పట్టుకుని కూర్చునేవాళ్లను చూశాను, ఇక్కడ మూడు రూపాయల మిత్తి నడుస్తుండగా. ఇది మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది.

గూగుల్‌లో కనిపించే రేటు చేతికి రాదు కూడా. డబ్బు పంపే కౌంటర్ దగ్గర బోర్డు మీద రేటు వేరు, పైన ఫీజు వేరు. ఫీజు లేదు అని బోర్డు పెట్టిన చోట రేటులోనే కోసుకుంటారు. తాతల కాలం సావుకారే, ఇప్పుడు గాజు అద్దం వెనక కూర్చున్నాడు. మా అత్తమ్మ చదువుకోలేదు గానీ ప్రతి నెలా కొడుకు పంపిన రసీదు ఫొటో మనవరాలితో చదివించుకుని, పోయిన నెల దిర్హామ్‌కు ఎన్ని పైసలు, ఈ నెల ఎన్ని పైసలు అని నోటుబుక్కులో రాయిస్తుంది. రేటు పెరిగిన నెలలో తక్కువ పడితే అడుగుతుంది. కామర్స్ మాస్టారినైన నాకు ఆ అలవాటు లేదు.

రెండోది ఇంకా గట్టి వాదన. "జీతం పెంచు అంటే నేపాల్ వాణ్ణి, బంగ్లాదేశ్ వాణ్ణి తెచ్చుకుంటరు." తెచ్చుకుంటారు. తెచ్చుకుంటున్నారు కూడా. వాళ్ల టాకా, వాళ్ల రూపాయి కూడా పడుతూనే ఉన్నాయి (నేపాల్ రూపాయిని మన రూపాయికే 1.6 చొప్పున కట్టేశారు, మనది పడితే వాళ్లదీ పడుతుంది), కాబట్టి అక్కడి కంపెనీకి అన్ని వైపుల నుంచీ జీతం పెంచకుండా గడిచిపోతోంది. పోటీ ఉన్నంత కాలం ఒక్క మనిషి క్యాంప్ బాస్ ముందు నిలబడి సాధించేది ఏమీ లేదని ఒప్పుకుంటాను. అది ప్రభుత్వాలు మాట్లాడాల్సిన విషయం, దానికి వస్తాను.

మూడోది, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ వ్యాపారం చేసే మా మిత్రుడిది. రూపాయి పడితే ఎగుమతులకు మంచిది, పత్తి, మిర్చి రైతుకు ధర వస్తుంది, నువ్వు ఒక్క దుబాయ్ లెక్కే చూస్తున్నావు అంటాడు. పుస్తకం ప్రకారం అంతే. 2025లో ఏమైంది మరి? మధ్యలో కొంచెం లేచినా మొత్తం మీద ఆ ఏడాది రూపాయి పడింది. ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది, డిసెంబర్ ఆఖరు దాకా. రేటు వల్ల రైతుకు నాలుగైదు శాతం కలిసొచ్చే చోట పదకొండు శాతం అడ్డం తీసేశారు. పైగా అదే రైతు ఇంట్లో పామాయిల్ డాలరు ధరకే, ట్రాక్టర్లో డీజిల్ డాలరు ధరకే. దీని మీద మా ఇద్దరికీ ఇంకా తెగలేదు, మిర్చి సంగతి వేరని అంటాడు, కావచ్చు.

200 డాలర్లు

అసలు నాకు ఈ విషయం తలకెక్కింది 2020లో. కోవిడ్ నడుస్తుంది, క్యాంపుల్లో జీతాలు ఆగిపోయాయి. ఆ సెప్టెంబర్‌లో మన విదేశాంగ శాఖ ఏం చేసిందంటే, గల్ఫ్‌కు పోయే కార్మికులకు కనీసం ఇంత జీతం ఉంటేనే పంపుతాం అని తానే పెట్టుకున్న హద్దును 30 నుంచి 50 శాతం తగ్గించింది. కొన్ని దేశాలకైతే నెలకు 200 డాలర్లే. అప్పటి రేటులో 15 వేల రూపాయలు కూడా కాదు. ఉద్యోగాలు పోకుండా కాపాడటానికి అన్నారు. తెలంగాణ హైకోర్టులో దీని మీద ప్రజా ప్రయోజన వ్యాజ్యం పడింది, 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు.

ఇది రేటు కాదు. అంతర్జాతీయ మార్కెట్ కాదు, ట్రంపు కాదు, చమురు కాదు. ఢిల్లీలో ఒక ఆఫీసులో ఒక కాగితం మీద రాసిన అంకె. ఒక కాగితంతో తగ్గింది, కోర్టుకు పోతే ఇంకో కాగితంతో మళ్లీ పెరిగింది. మనం టీవీలో రూపాయి అయిదు పైసలు పడిందా, పది పైసలు లేచిందా అని చూస్తుంటే, సగం జీతం పోయే నిర్ణయం మా ఊళ్లలో చాలామందికి తెలియకుండానే వచ్చి పోయింది. మెట్‌పల్లిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషిని ఆ సంగతి అడిగాను. వినలేదన్నాడు. దిర్హామ్ రేటు మాత్రం పైసలతో సహా చెప్పాడు.

రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో బయటి నుంచి దేశానికి వచ్చిన డబ్బులో తెలంగాణ వాటా 8.1 శాతం, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తర్వాత మనమే. అందులో అమెరికా సాఫ్ట్‌వేర్ డబ్బూ ఉంది, జగిత్యాల తాపీ పని డబ్బూ ఉంది, కలిపి ఒకే అంకె. 2023 జులైలో మన రిజర్వ్ బ్యాంకు, యూఏఈ కేంద్ర బ్యాంకు ఒప్పందం చేసుకున్నాయి, రూపాయల్లో, దిర్హాముల్లో నేరుగా వ్యాపారం చేసుకుందామని. నెల తిరక్కుండానే అబుదాబి చమురుకు ఇండియన్ ఆయిల్ రూపాయల్లో చెల్లించింది. 1966లో వెళ్లగొట్టిన రూపాయి మళ్లీ ఆ గుమ్మం ఎక్కింది, సంతోషమే. చమురు కోసం రెండు దేశాలు కూర్చుని మాట్లాడుకోగలిగినప్పుడు, ఏసీ బిగించేవాడి కనీస జీతం కోసం ఎందుకు కూర్చోలేవు?

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ కనీస జీతం అంకెను దిర్హాముల్లో, రియాళ్లలో, దినార్లలో ఏడాదికోసారి సవరించాలి, అక్కడి అద్దె, తిండి ఖర్చును బట్టి. రూపాయల్లోకి మార్చి చూసి "పెరిగిందిగా" అనకూడదు. ఆ అంకెను తెలుగులో అచ్చువేసి పాస్‌పోర్ట్ ఆఫీసులో, మండలాఫీసులో, ఏజెంటు షాపు గోడ మీద అంటించాలి. అంతకంటే తక్కువకు సంతకం పెట్టించిన ఏజెంటు లైసెన్సు పోవాలి. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం అయిదు లక్షలు ఇస్తోంది, మంచిదే, కానీ అది చనిపోయాక. బతికున్నవాడి జీతం గురించి నిజామాబాద్, కరీంనగర్ ఎంపీలు పార్లమెంటులో గట్టిగా నిలదీయగా నేను వినలేదు. వచ్చేసారి ఓట్లకు వచ్చినప్పుడు మెట్‌పల్లిలో మైకు పట్టుకునే వాళ్లను దిర్హామ్ ఎంత నడుస్తుందని కాదు, కనీసం ఎన్ని దిర్హాములు ఇప్పిస్తారని అడగండి.